మంచినీళ్ల బిందె ఎక్కడుందో ముందు అడగాలి

బెజవాడలో లాడ్జీలకి ఏనాడూ కొదవ లేదు. గాంధీనగర్‌లో, గవర్నరుపేటలో కావలసినన్ని ఉండేవి. అయినా ఊళ్లో బాబాయి ఇల్లో, చదువుకున్నప్పటి స్నేహితుడి ఇల్లో ఉండగా లాడ్జీలో దిగాడని తెలిస్తే అది ఏళ్ల తరబడి దెప్పుకునే నేరం. "ఏరా, మా ఇంట్లో నాలుగు మెతుకులు పెట్టమనుకున్నావా?" అనే మాట పడలేక పెట్టె పట్టుకుని నేరుగా ఇంటికే వెళ్లిపోయేవాళ్లు. అలా ఇళ్లలో దిగడానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. 80లు, 90ల నాటి ఆ పద్ధతి ఎలా నడిచేదో, ఎక్కడ బెడిసేదో మరుగున పడకముందే చెప్పుకోవాలని ఇదంతా.

మొదటిది కార్డు ముక్క. పదిహేను పైసల పోస్టుకార్డు ప్రయాణానికి వారం ముందే డబ్బాలో పడాలి. పక్క జిల్లా నుంచైనా మూడు రోజులు పట్టేది, మధ్యలో ఆదివారం తగిలితే నాలుగు. అందులో తేదీ ఒక్కటే రాస్తే చాలదు, వారం కూడా రాయాలి. "14వ తేదీ, శుక్రవారం" అని రెండూ ఉంటే ఒకటి పొరపాటున తప్పు పడినా రెండోది పట్టిస్తుంది. తేదీ ఒక్కటే రాసి, ఆ 14 కాస్తా 17 లాగా కనపడిందా, అసలు రోజున ఇంటివాళ్లు తాళం వేసుకుని తెనాలి పెళ్లికి వెళ్లిపోయి ఉండేవాళ్లు. తర్వాత బండి పేరు, ఎంతమంది, పిల్లలెందరు. అన్నిటికన్నా ముఖ్యం, తిరుగు టిక్కెట్టు ఏ రోజుకి. ఇది రాస్తే మొరటుగా ఉంటుందని చాలామంది మానేసేవాళ్లు. ఇల్లాలికి కావలసింది మాత్రం అదే. సిలిండరు ఒక్కటే ఉన్న ఇల్లు, అది ఎన్నాళ్లొస్తుంది, పాలవాడికి ఎన్నాళ్లు ఎక్కువ పొయ్యమని చెప్పాలి, రోజూ సోలెడు బియ్యం అదనంగా పడితే నెలాఖరుకి ఎంత తరుగు, ఈ లెక్కంతా ఆ తేదీ మీదే నడిచేది. "వీలునుబట్టి బయల్దేరతాం" అని రాసేవాళ్ల కోసమే ‘చుట్టమై వచ్చి దయ్యమై పట్టినట్టు’ అనే సామెత పుట్టి ఉండాలి.

తర్వాత ఎస్టీడీ బూత్‌లొచ్చాయి. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ, అందుకని ఆ వేళకి బూత్ ముందు కొండవీటి చేంతాడంత వరస. కాకపోతే అప్పుడు చాలా ఇళ్లకి సొంత ఫోను లేదు. డైరీలో నంబరు పక్కన ‘పి.పి.’ అని రాసుకునేవాళ్లం, అంటే పక్కింటి ఫోను. ఆ నంబరుకి పావు ఛార్జీ వేళ చేస్తే పక్కింటాయన నిద్రలోంచి లేచి, ఎవరో పోయారనుకుని వణుక్కుంటూ ఎత్తేవాడు. మర్నాటి నుంచి ఆ ఇంటికి ఫోను సౌకర్యం బంద్. పి.పి. నంబరుకి పొద్దున్నే ఏడింటికి ఎక్కువ డబ్బులిచ్చుకుని చేయడమే మర్యాద. ఒకసారి చేసి "పిలవండి, పది నిమిషాల్లో మళ్లీ చేస్తాం" అని పెట్టేయడం అందులో ఇంకో తెలివి.

బెజవాడ స్టేషన్లో దిగాక మొదట తేల్చుకోవలసింది ఏ వైపు బయటికి రావాలన్నది. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చాయి. ఇటు గాంధీనగర్, గవర్నరుపేట, సత్యనారాయణపురం. అటు తారాపేట వైపు దిగితే వన్‌టౌన్, కాళేశ్వరరావు మార్కెట్, కొత్తపేట. తప్పు వైపు వస్తే రిక్షావాడు వంతెన కింద నుంచి తిప్పి తీసుకెళ్లాలి, కిరాయి దాదాపు రెట్టింపు. అందుకే తెలిసినవాళ్లు కార్డు జవాబులోనే "తారాపేట వైపు దిగు" అని రాసేవాళ్లు. వన్‌టౌన్‌లో కొండ మీది ఇళ్లకి వెళ్లాలంటే ఇంకో సంగతి. రిక్షా కొండ కిందే ఆగిపోతుంది. అక్కడి నుంచి మెట్లు. ఒక పెద్ద ట్రంకు కన్నా రెండు చేతిసంచులు మేలు. పైన నీళ్లు కూడా అదే మెట్ల మీద నుంచి మోసుకొచ్చినవే అని, రెండో చెంబు ఒంటి మీద పోసుకునేటప్పుడు గుర్తుంచుకోవాలి.

గుంటూరులో అడ్రసు అంత తేలిక, అంత ప్రమాదం. బ్రాడీపేట, అరండల్‌పేట గళ్లనుడికట్టులాంటి పేటలు. ఒకవైపు లైన్లు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు. ‘4/2’ అంటే నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు. ముందు అంకె లైను, తర్వాత అంకె అడ్డరోడ్డు. తిరగేసి చదివితే వేరే వీధిలో తేలతారు. అంతకన్నా పెద్ద తికమక, రెండు పేటల్లోనూ ఇదే లెక్క కావడం. మధ్యలో రైలు పట్టాలు, దాటడానికి అప్పట్లో శంకర్‌విలాస్ వంతెన. కాగితం మీద పేట పేరు రాసుకోకుండా ‘4/2’ ఒక్కటే గుర్తుపెట్టుకుని బయల్దేరినవాళ్లు అవతలి పేటలో ఎవరింటి తలుపో కొట్టేవాళ్లు. ఆ ఇంటివాళ్లు కూడా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, పిల్లాణ్ణి తోడిచ్చి వంతెన దాటించేవాళ్లు. అదీ గుంటూరే.

ఇక ఇంట్లోకి అడుగుపెట్టాక అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది నీళ్ల సంగతి. గుంటూరు ఇళ్లలో నీళ్లు రెండు రకాలు. వాడకం నీళ్లు బావివో బోరువో, ఉప్పగా ఉంటాయి. మునిసిపల్ పంపు నీళ్లు తాగడానికి, వంటకి. మూత పెట్టి, పైన గ్లాసు బోర్లించి ఉన్న ఇత్తడి బిందె మంచినీళ్లది. చుట్టం తెలియక ఆ బిందెలో చెంబు ముంచి కాళ్లు కడుక్కుంటే ఇల్లాలు పైకి ఏమీ అనదు. లోపలికెళ్లి కూతురితో అంటుంది. ఆ నీళ్లు పొద్దున పంపు వచ్చే గంటలో లైనులో నిలబడి పట్టినవి, మళ్లీ పంపు వచ్చేదాకా అంతే. అందుకే "మంచినీళ్ల బిందె ఏదండీ?" అని దిగగానే అడిగిన చుట్టాన్ని చూస్తే ఇంటివాళ్లకి సగం బెంగ తీరేది. ఉప్పునీళ్లతో ఇంకో చిక్కు సబ్బు. ఆ నీళ్లలోని లవణాలు సబ్బుతో కలిసి తెల్లగా విరిగిపోతాయి, నురగ రాదు. నురగ రాలేదని మళ్లీ మళ్లీ రుద్ది సబ్బు బిళ్ల సగం చేసేవాళ్లు పట్నం చుట్టాలు. సున్నిపిండి, కుంకుడుకాయ అయితే హాయి. చివర్లో ఒక చెంబెడు మంచినీళ్లు తల మీద పోసుకుంటే జుట్టు జిగురు వదులుతుంది, ఆ ఒక్క చెంబుకీ ఇల్లాలి అనుమతి కావాలి.

స్నానాల వరస కూడా చెప్పకుండా అమలయ్యే చట్టం. ఆఫీసుకి వెళ్లేవాళ్లు, బడి పిల్లలు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య. చుట్టం అయితే ఐదున్నర లోపు కానిచ్చేయాలి, లేకపోతే తొమ్మిది దాకా పేపరు చదువుతూ కూర్చోవాలి. నడిమధ్య లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడంటే ఇంటాయనకి ఆ రోజు బస్సు తప్పినట్టే. రాగి బాయిలరున్న ఇంట్లో ఒకసారి ముంచుకున్నాక అన్ని నీళ్లు తిరిగి పోయాలి, కింద రెండు చెక్కముక్కలు ఎగదోయాలి. పోయకుండా వచ్చేస్తే తర్వాతివాడికి వేడినీళ్లు లేకపోవడం ఒక ఎత్తు, ఖాళీ బాయిలరు కింద మంట ఉంటే అతుకులు ఊడి కారడం మరో ఎత్తు.

పిలుపుల్లోనూ ఒక ఒడుపుంది. స్నేహితుడి భార్యని "చెల్లెమ్మా" అన్న మరుక్షణం ఆవిడ "అన్నయ్యగారూ" అంటుంది, ఇక వంటింటి గుమ్మం దాకా వెళ్లి కాఫీ అడగొచ్చు. "మేడమ్" అన్నవాడు మూడు రోజులూ ముందుగదిలోనే కూర్చుని, అడక్కుండా వచ్చిన కాఫీతో సరిపెట్టుకోవాలి.

వేసవిలో పడక డాబా మీద. బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, ‘బ్లేజ్‌వాడ’ అని ఊరికే అనలేదు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి రెండింటిదాకా కింది గదుల్లోకి వేడి వదులుతూనే ఉంటుంది, ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. కరెంటు పోతే అదీ లేదు. డాబా తడపడం చుట్టాల పిల్లలకి ఇష్టమైన పని, కానీ సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. ఎండ వాలాక ఐదున్నరకి మొదటి దఫా పోయాలి. ఆవిరి లేచి, సున్నం వాసన వచ్చి, నీళ్లు క్షణాల్లో ఇంకిపోతాయి. అరగంట ఆగి రెండో దఫా. ఒక్క దఫాతో సరిపెడితే పైపొర మాత్రమే చల్లారి, లోపలి వేడి ఎనిమిదింటికి మళ్లీ తన్నుకొస్తుంది. పరుపు కింద ఉడికిపోతుంది. దీనికి వాడేది ఉప్పునీళ్లే, మంచినీళ్లు ముట్టుకోకూడదని వేరే చెప్పాలా. పక్కలు ఎనిమిదిన్నర తర్వాతే పరవాలి, తడి పూర్తిగా ఆరకముందు వేసిన పరుపుకి ముక్క వాసన పట్టుకుంటుంది.

దోమల మాటకొస్తే బెజవాడకి ఏలూరు, బందరు, రైవస్ అని మూడు కాలవలు. నీళ్లు పారుతున్నన్నాళ్లూ కాస్త నయం. వేసవిలో కాలవలు కట్టేశాక గుంటల్లో నిలిచిన నీళ్లలో పుట్టేవి అసలు దోమలు. నవారు మంచానికి నాలుగు వెదురు కర్రలు కట్టి దోమతెర వేసేవాళ్లు. అంచులు పరుపు కిందికి దోపకుండా పడుకుంటే నదివైపు గాలికి తెర ఎగిరి, దోమలు లోపల, మనిషి బయట. అర్ధరాత్రి గాలివాన వస్తే ఒక పద్ధతి, మొదట పరుపులు, తర్వాత పిల్లలు. పిల్లలు తడిసినా ఇట్టే ఆరిపోతారు గానీ పరుపులు రెండు రోజులు ఆరవు.

స్నేహితుల్ని వెతికి పట్టుకోవడం ఒక విద్య. టెలిఫోన్ డైరెక్టరీ ఉండేది గానీ దాన్ని నమ్ముకుంటే కష్టం. కనెక్షను తండ్రి పేరునో, ఇంటి యజమాని పేరునో ఉంటుంది. ఇంటిపేరు తెలిసినా ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాసుకున్నారో తెలియదు. చౌదరి అన్న ఒక్క మాటనే రకరకాలుగా రాస్తారు, డైరెక్టరీలో అన్ని చోట్లా వెతకాలి. పాత డైరీలో ఆరంకెల బెజవాడ నంబరు దొరికితే ముందు 2 చేర్చి చూడాలి, తర్వాత తర్వాత ఏడంకెలయ్యాయి. ఇప్పుడు ఆ ల్యాండ్‌లైన్లే పోయాయి కాబట్టి అదీ పెద్దగా పనిచేయదు. డైరెక్టరీ కన్నా గట్టి ఆధారం కిళ్లీకొట్టు. అద్దెకున్నవాడు ఇల్లు మారితే ఇంటి యజమాని మర్చిపోతాడు, ఖాతా పెట్టిన కిళ్లీకొట్టువాడు మర్చిపోడు. ఇస్త్రీబండి ఆయనకీ తెలుస్తుంది.

చదువుకున్నప్పటి ఆడస్నేహితులు దొరకడం ఇంకా కష్టం. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, డైరెక్టరీలో భర్త పేరు. వాళ్లకి పుట్టిల్లే తాళంచెవి. సంక్రాంతి మూడు రోజులూ, పెళ్లయిన మొదటి ఆషాఢమూ పుట్టింటే ఉంటారు కాబట్టి, స్నేహితురాలిని చూడాలనుకున్నవాళ్లు తమ ప్రయాణం కూడా అప్పటికే పెట్టుకునేవాళ్లు. కనుమ నాడు వెళ్తే ఖాయంగా దొరుకుతారు. భోగి నాడు వెళ్తే అందరూ పిండివంటల్లో మునిగి ఉంటారు, మాట్లాడుకోవడానికి తీరిక చిక్కదు.

అసలు అడ్రసులే అక్కర్లేని ఏర్పాటు బెజవాడకి ఒకటి ఉండేది, పుస్తకాల ఎగ్జిబిషన్. 1989లో మొదలైంది. జనవరి 1 నుంచి 11 దాకా, పీడబ్ల్యూడీ గ్రౌండ్స్, అంటే స్వరాజ్ మైదానం. అప్పట్లో తేదీలు మారేవి కావు, చోటు మారేది కాదు. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సెలవు పెట్టుకుని వచ్చి ఎవరో ఒకరింట్లో దిగి, సాయంత్రం ఆరింటికల్లా అక్కడ తేలేవాళ్లు. "గేటు దగ్గర కలుద్దాం" అన్నవాళ్లు ఒకరినొకరు వెతుక్కుంటూ దుమ్ములో గంట పోగొట్టుకునేవాళ్లు. "విశాలాంధ్ర స్టాలు ముందు ఆరున్నరకి" అన్నవాళ్లు కలిసేవాళ్లు. పుస్తకాలు మొదటిరోజే కొనకూడదు, సంచి బరువుతో కబుర్లు సాగవు. మొదటిరోజు జాబితా, చివరిరోజు కొనుగోలు. ఇప్పుడా మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. పుస్తకాలు వేరే మైదానాలకి మారాయి. పాత అలవాటు కొద్దీ కాళ్లు ఇంకా బందరు రోడ్డు మీద అటే తిరుగుతాయి.

మిగతా రోజుల్లో అయితే పొద్దున గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ, సాయంత్రం బీసెంట్ రోడ్డు, చీకటి పడ్డాక బ్యారేజీ. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. గాలి ఉచితం, ఎవరూ లేవమనరు. అవతలి చివర సీతానగరం, అక్కడి నుంచి గుంటూరు జిల్లా. "బ్యారేజీ మీద కలుద్దాం" అంటే ఏ చివరో చెప్పాలి, లేదంటే కిలోమీటరుకి పైగా నడక. గుంటూరు మిత్రులకి శంకర్‌విలాస్ సెంటరు, హిందూ కాలేజీ సెంటరు, నాజ్ సెంటరు. రెండు ఊళ్ల మధ్య దూరం ముప్పై పైచిలుకు కిలోమీటర్లే కదా అని బెజవాడలో దిగి గుంటూరు వాళ్లని "సాయంత్రం ఇలా వచ్చి వెళ్లండి" అనడం పెద్ద తప్పు. బస్సులు వెంటవెంటనే ఉన్నా గుమ్మం నుంచి గుమ్మానికి గంటన్నర. గుంటూరు స్నేహితుడికి గుంటూరులో ఒక రాత్రి ఇవ్వాలి. దారిలో మంగళగిరి దిగి పానకాలస్వామిని చూసుకుని వెళ్తే, సగం పానకం స్వామి తాగి సగం మనకి వదులుతాడు. సంచిలో ఆ పానకం సీసా మూత గట్టిగా లేకపోతే బట్టలకి చీమలు పడతాయి.

దసరాకీ పుష్కరాలకీ ఈ పద్ధతులేవీ చెల్లవు. మూలా నక్షత్రం నాడు అమ్మవారిని సరస్వతి అలంకారంలో చూడాలని వచ్చే జనంతో బెజవాడలో ఇల్లున్న ప్రతివాడింటికీ బంధువులే. గురుడు కన్యారాశిలో ప్రవేశించినప్పుడు 12 రోజుల కృష్ణా పుష్కరాలు, 1992, 2004, 2016, మళ్లీ 2028. అప్పుడు రెండు గదుల ఇంట్లో పాతికమంది. షామియానా వాళ్ల దగ్గర బొంతలు, పెద్ద గిన్నెలు నెల ముందే మాట్లాడుకునేవాళ్లు. పుష్కరం మొదటి రోజు, చివరి రోజు, మధ్యలో వచ్చే ఆదివారాలు వదిలేసి వచ్చిన చుట్టాలకి ఇంటివాళ్లు లోలోపల దండం పెట్టుకునేవాళ్లు. తడిబట్టలు ఆరేయడానికి చోటే పెద్ద సమస్య. సొంత తాడు ఒకటి, పాతిక క్లిప్పులు తెచ్చుకున్నవాడు ఉత్తమ అతిథి.

తీసుకెళ్లేవి, తెచ్చుకునేవి. గుంటూరుకి పచ్చడి పట్టుకెళ్లకూడదు, అంతే. హైదరాబాదు నుంచి బిస్కెట్లు, మద్రాసు నుంచి కాఫీపొడి చాలు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆవకాయ తప్పదు, అక్కడే అనుభవం కావాలి. జాడీలోంచి నేరుగా సీసాకి ఎత్తి నూనె తేలేలా నింపితే, బండి కుదుపుకి ఆ నూనె మూత సందుల్లోంచి పాకి పట్టుచీర దాకా వెళ్తుంది. పైనూనె వంపేసి ముద్ద మాత్రమే పెట్టి, మెడ దగ్గర రెండు వేళ్ల ఖాళీ వదలాలి. మూతి మీద పాలిథిన్ కాగితం వేసి దారంతో కట్టి, ఆపైన మూత. ఊరు చేరాక కాచి చల్లార్చిన నూనె పోసుకోవాలి, అది మర్చిపోతే పైపొరకి బూజు. గోంగూర పచ్చడికి ఆకు కడిగి బట్ట మీద పూర్తిగా ఆరబెట్టారో లేదో అడిగి మరీ తెచ్చుకోవాలి. తడి ఆకు వేయించిన పచ్చడి రెండు రోజుల ప్రయాణం ఓర్చదు. నూజివీడు రసాలు పండినవి తెస్తే దిగేసరికి బుట్టలో రసమే మిగులుతుంది. దోరగా ఉన్నవి, వరిగడ్డి వరసల మధ్య, తొడిమ కిందికి పెట్టి సర్దాలి. తొడిమ పైకి ఉంటే కారిన సొన కాయ మీదే మరక కట్టి అక్కడ కుళ్లు పుడుతుంది.

రైల్లోకి పులిహోరే. చింతపండు పులుసు, నూనె, ఉప్పు దాన్ని రాత్రి దాకా కాస్తాయి. పెరుగన్నం మే నెలలో రాజమండ్రి దాటకముందే పులుస్తుంది. అన్నం పళ్లెంలో ఆరబోసి చల్లారాకే కలపాలి, చల్లారాకే కట్టాలి. వేడిగా కడితే లోపల చెమర్చి సాయంత్రానికి తీగ సాగుతుంది. అరటాకుని ముందు సెగ మీద వాడ్చాలి, పచ్చి ఆకు మడతలో చిరుగుతుంది.

ఈ కాలంలో అపార్ట్‌మెంట్లలో దిగినా లెక్క ఒకటే, బిందె బదులు వాటర్ క్యాన్ ఎక్కడుందో అడగాలి, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలి. పిల్లల స్నేహితుల్లో విదేశీ పౌరులెవరైనా వచ్చి ఇంట్లో బస చేస్తే 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలపడం ఇంటివాళ్ల బాధ్యత. ఇది చాలామందికి తెలియదు.

ఊరు చేరగానే ఇంకో కార్డు. "క్షేమంగా చేరాం, పెట్టెలన్నీ అందాయి, ఆవకాయ కారలేదు." మూడు రోజుల్లో ఆ కార్డు రాకపోతే బెజవాడలో ఇంటాయన పోస్టుమాన్‌ని వీధి మొగలోనే ఆపి అడిగేవాడు. వచ్చాక ఒకసారి పైకి చదివి, గోడకి వేలాడే ఇనుపతీగకి గుచ్చేవాడు. ఆ తీగకి అడుగున వచ్చేటప్పటి కార్డు, పైన వెళ్లాక వచ్చిన కార్డు.